'ఇంకా వుంది' అని ఆగిపోయిన కథలు

'ద విండ్స్ ఆఫ్ వింటర్' అనే పుస్తకం గురించి మా టీమ్‌లో చర్చ జరగని వారం ఉండదు. రిలీజ్ వాయిదా పడ్డ ప్రతిసారీ ఎవడో ఒకడు "మార్టిన్ కంటే మనమే నయం" అని జోకేస్తాడు. తెలియని వాళ్ళ కోసం: జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ అనే అమెరికన్ రచయిత డ్రాగన్లూ, రాజులూ, కుట్రలూ కలిపి ఒక పెద్ద కథ రాస్తున్నాడు. మొదటి పుస్తకం 1996లో, అయిదోది 2011 జులై 12న వచ్చాయి. ఆరోదే ఈ 'విండ్స్'. ఇంకా రాలేదు. ఈలోగా దాని మీద తీసిన టీవీ సీరియల్ 2011 ఏప్రిల్‌లో మొదలై, 2016కల్లా పుస్తకాలని దాటేసి, 2019 మేలో ముగిసి, జనాల చేత తిట్లు కూడా తినేసింది. అసలు కథ రాసినాయన మాత్రం ఇంకా రాస్తూనే ఉన్నాడు.

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఈయన కథలో బోల్డు పోలికలు కనిపిస్తాయి. ఈయన ఇప్పటికీ డాస్ మెషీన్ మీద, వర్డ్‌స్టార్ 4.0లో రాస్తాడట. 2014లో ఒక టీవీ షోలో ఆయనే చెప్పాడు. వైరస్‌ల బెడద లేదు, స్పెల్లింగులు దిద్దే గోల లేదు అని సంతోషపడ్డాడు కూడా. లెగసీ సిస్టమ్ మీద ఇంత ప్రేమ నేనైతే మెయిన్‌ఫ్రేమ్ వాళ్ళలో తప్ప ఇంకెక్కడా చూడలేదు :-)

ఆలస్యానికి కారణం కూడా మనకి బాగా తెలిసిందే. మూడో పుస్తకం అయ్యాక కథని అయిదేళ్ళు ముందుకి దూకిద్దామనుకున్నాడు. కొంత రాశాక, ఆ అయిదేళ్ళలో ఏం జరిగిందో గుర్తుచేసుకోవడంతోనే సరిపోతోందని ఆ డిజైన్ అవతల పడేశాడు. తరవాత పుస్తకం మరీ పెద్దదైపోతే, పాత్రలున్న ప్రాంతాలని బట్టి రెండుగా చీల్చి సగం పాత్రలతో 2005లో నాలుగోది వేశాడు. మిగతా సగం వచ్చే ఏడాదికి వచ్చేస్తుందని ఆశపడుతూ చివర్లో ఒక మాట కూడా రాశాడు. ఆ వచ్చే ఏడాది రావడానికి ఆరేళ్ళు పట్టింది! ఒకే ఊరికి అరడజను పాత్రలు చేరాలి. ఎవరు ముందు చేరితే ఎవరి కథ చెడుతుందో తేలదు. ఆయనే దానికి ఏకంగా 'మీరీనీజ్ ముడి' అని పేరు పెట్టుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే రెండు బ్రాంచీలుగా చీల్చిన కోడ్‌ని మళ్ళీ కలపబోతే ఎక్కడికక్కడ కాన్‌ఫ్లిక్టులు. 2016 జనవరిలో పుస్తకం గడువు దాటిపోయిందని ఒప్పుకుంటూ పెద్ద ఉత్తరం రాశాడు. 2019లో, వచ్చే ఏడాది నేను న్యూజీలాండ్ వచ్చేసరికి పుస్తకం నా చేతిలో లేకపోతే నన్నక్కడే ఖైదు చేసుకోండన్నాడు. 2022 చివర్లో సుమారు 1100 నుంచి 1200 పేజీలు అయ్యాయన్నాడు. 2023లో కూడా ఇంచుమించు అదే లెక్క చెప్పాడు. స్టేటస్ రిపోర్టులో వరసగా రెండేళ్ళు ఒకే అంకె కనిపిస్తే మేనేజరుకి ఏం అర్థమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

సరే, ఇదంతా అందరికీ తెలిసిన గోలే. నేను చెప్పాలనుకుంటున్నది వేరే. ఈ ఎదురుచూపులన్నీ ఏదో తెల్లవాళ్ళ జబ్బన్నట్టు మాట్లాడుతుంటారు మనోళ్ళు. తెలుగువాడికి 'తరవాయి భాగం' కోసం కాచుక్కూర్చోవడం కొత్తా ఏంటి?

నేనుండేది హయత్‌నగర్‌లో. (ఎదురుచూపుల గురించి రాసే హక్కు మా ఊరివాళ్ళకి ఉంది. మెట్రో రైలు 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా వచ్చి ఆగిపోయింది.) ఈ ఊరి పేరు హయత్ బక్షీ బేగం పేరు మీద వచ్చింది. ఆవిడ మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షాకి తల్లి. మాసాహెబా అనేవారు. మీరు రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే మాసాబ్ ట్యాంక్ కూడా ఆవిడ పేరే. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి వెళ్ళే దారి ఇటే. ఆ దారిలో మసీదు, దాని చుట్టూ బాటసారులు దిగడానికి గదులతో సరాయి, పక్కనే ఏనుగులతో నీళ్ళు తోడించేంత పెద్ద బావి కట్టారు. మసీదూ, బావీ ఇప్పటికీ ఉన్నాయి. ఆ దారే ఇప్పుడు విజయవాడ హైవే. మొన్నటిదాకా 9వ నెంబరు, ఇప్పుడు 65.

అంటే మా ఊరు పుట్టుకతోనే ఒక మజిలీ. తెలుగులో మజిలీ అనగానే గుర్తొచ్చేది ఒకటే, కాశీ మజిలీ కథలు. మధిర సుబ్బన్న దీక్షితులు గారు రాజమండ్రిలో కూర్చుని 12 భాగాలు రాసిన పుస్తకం. అందులో మణిసిద్ధుడనే యతి కాశీకి బయల్దేరతాడు. తోడుకోసం ఒక పశులకాపరిని రమ్మంటాడు. వాడు ఊరికే రాడు, షరతు పెడతాడు: దారిలో నాకు వింతగా కనిపించినదాని గురించల్లా అడుగుతాను, నువ్వు కథ చెప్పాలి అని. పొద్దున్నే నడక, మజిలీలో దిగాక వంట, భోజనం, తరవాత కథ. కథ మిగిలిపోతే తరవాయి మళ్ళీ మజిలీలో. ఆ కాపరి నడిచింది కాశీ కోసం కాదు, తరవాయి కథ కోసం. చూడండి, కథ ఆగే చోటు ముందే ఖాయమైపోయింది. మజిలీ వస్తుంది, కథ వస్తుంది. మణిసిద్ధుడు "ఈ మజిలీలో మూడ్ బాలేదు" అనడానికి లేదు.

ఈ కథల్లోంచే వచ్చిందని చెప్పుకునే సినిమా 'పాతాళ భైరవి', 1951. తీసింది నాగిరెడ్డి-చక్రపాణి. వాళ్ళే అంతకు నాలుగేళ్ళ ముందు, 1947 జులైలో, మద్రాసులో 'చందమామ' మొదలుపెట్టారు. మన డ్రాగన్ల సీరీస్ అసలు కథ ఇక్కడుంది.

1954లో చందమామలో 'తోకచుక్క' అనే సీరియల్ మొదలయ్యింది. సమరసేనుడనే సేనాని, ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికులు. నెలకి కొన్ని పేజీలు, చిత్రా గారి బొమ్మలు. మొదట్లో బ్రాకెట్లలో జరిగిన కథ, చివర్లో 'ఇంకా వుంది'. అది ముగియగానే మకరదేవత, తరవాత ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, 1961 నుంచి 64 దాకా రాకాసిలోయ. ఆ తరవాత పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, 1980లో ముగిసిన భల్లూక మాంత్రికుడు. మొత్తం పన్నెండు. పాతికేళ్ళకి పైగా, అక్కడక్కడా రెండేళ్ళ విరామం తప్ప, ప్రతి నెలా. తెలుగులో రాసిన కథే మిగతా భాషల చందమామల్లోకీ వెళ్ళేది కాబట్టి, శిఖిముఖి ఈ నెల ఏ గుహలో చిక్కుకున్నాడో కన్నడం పిల్లాడికీ, హిందీ పిల్లాడికీ కూడా అదే బెంగ. కామన్ కోడ్‌బేస్, లోకలైజేషన్ వేరు!

ఈ సీరియళ్ళు ఎంత పట్టేశాయో చెప్పడానికి మా మేనమామ ఒక్కడు చాలు. నెలనెలా సీరియల్ పేజీలు జాగ్రత్తగా విప్పదీసి, ఏడాది తిరిగాక అట్టలేసి కుట్టించేవాడు. ఆ రోజుల్లో ఊరికి ఇద్దరో ముగ్గురో ఇలాంటివాళ్ళు ఉండేవాళ్ళు. నేను ఆ బైండు పుస్తకంలోనే శిథిలాలయం చదివాను. మధ్యలో ఒక నెల పేజీలు లేవు. ఎవరో చుట్టం చదవడానికి పట్టుకెళ్ళి తిరిగివ్వలేదట. ఆ చుట్టంతో మామయ్య ఆ తరవాత మాట్లాడిన దాఖలాలు లేవు. ఆ నెల జరిగిన కథంతా నాకు తెలిసింది తరవాతి నెల బ్రాకెట్లలో ఉన్న నాలుగు వాక్యాల నుంచే. ఇప్పటికీ అనిపిస్తుంది, ఆ నాలుగు వాక్యాల్లోంచి నేను ఊహించుకున్న భాగమే అన్నిటికంటే బాగుందని.

1964లో రాకాసిలోయ అయిపోయాక కొత్త సీరియల్ మొదలుకాలేదు. దుర్గేశనందిని, నవాబు నందిని వేశారు. మాంత్రికుల కథలకి చక్రపాణి గారు అంత సుముఖంగా ఉండేవారు కాదనీ, అవి ఆపితే సర్క్యులేషన్ పడిపోయిందనీ, అందుకే 1966లో పాతాళదుర్గంతో మళ్ళీ మాంత్రికులు దిగారనీ చందమామ అభిమానులు చెప్పుకుంటారు. ఆ రెండేళ్ళూ పిల్లలు ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు కానీ, ఊహించుకోవడం కష్టం కాదు. ప్రొడక్ట్ ఓనర్‌కి నచ్చని ఫీచర్‌నే యూజర్లు వాడుతుంటారన్నది అప్పటినుంచీ ఉన్నదే అన్నమాట.

ఇక్కడ అసలు విశేషం చెప్పాలి. ఈ పన్నెండు సీరియళ్ళలో దేని మీదా రచయిత పేరు లేదు. పాతికేళ్ళు నెలనెలా కాచుక్కూర్చున్న లక్షలమందికి తాము ఎదురుచూస్తున్నది ఎవరి కోసమో తెలీదు. ఆయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం. 1952లో చందమామ సంపాదకవర్గంలో చేరి 2006 దాకా అక్కడే పనిచేశారు. సంపాదకుడిగా కొడవటిగంటి కుటుంబరావు గారి పేరు తరవాత్తరవాత అందరికీ తెలిసింది. చిత్రా గారు బొమ్మ కింద సంతకం పెట్టేవారు. సీరియల్ రాసినాయనకి మాత్రం ఆ వీలు లేకపోయింది. ఇంట్లో చందమామ పెట్టుకుని పెరిగిన మా తరంలో చాలామందికి ఆ పేరు 2000 తరవాతే తెలిసింది, అదీ కుటుంబరావు గారబ్బాయి రోహిణీప్రసాద్ గారు అంతర్జాలంలో రాసిన జ్ఞాపకాల లాంటి వాటి వల్ల.

వారపత్రికల సీరియళ్ళ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ రాయను. యద్దనపూడి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో వచ్చేటప్పుడు అమ్మలు ఎదురుచూశారు. 1980, 81ల్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి 'తులసిదళం' వచ్చేటప్పుడు ఇంటిల్లిపాదీ భయపడుతూ ఎదురుచూశారు. మధుబాబు షాడో నవలల కోసం అద్దె పుస్తకాల షాపు ముందు కాలేజీ కుర్రాళ్ళు ఎదురుచూశారు, అదీ ముందు తీసుకున్నవాడు తిరిగిచ్చేదాకా. ఇక కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో తెలుసుకోవడానికి 2015 జులై 10 నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా దేశమంతా మనతో పాటు ఎదురుచూసింది. ఆ ఇరవయ్యొక్క నెలల్లో ఆ ప్రశ్న అడగని మనిషి ఉంటే అతను పసిబిడ్డయినా అయ్యుండాలి, రాజమౌళి అయినా అయ్యుండాలి.

వీటన్నిట్లో ఉన్నదీ, మార్టిన్ దగ్గర లేనిదీ ఒకటే, తారీఖు. చందమామ నెలకోసారి వస్తుంది, వారపత్రిక వారానికోసారి. కాన్‌క్లూజన్‌కి కూడా ముందే డేటిచ్చారు. నెల రోజులు ఆగాలంటే ఎవరికీ కోపం రాదు. ఎన్నాళ్ళు ఆగాలో తెలియకపోతేనే వస్తుంది. మా టీమ్‌లో మార్టిన్‌ని తిట్టేవాళ్ళ బాధ కూడా పద్నాలుగేళ్ళు దాటిందని కాదు, ఇంకెన్నాళ్ళో ఎవరూ చెప్పరని. ఆయన వయసు చూసి (1948లో పుట్టాడు) వేసే వెకిలి లెక్కలు కూడా ఇక్కణ్ణించే పుడతాయి. 2009లోనే నీల్ గేమన్ అనే మరో రచయిత దీని మీద గట్టిగా రాశాడు, నువ్వు ఒక పుస్తకం కొన్నావు, ఆ డబ్బులకి ఆ పుస్తకం వచ్చింది, తరవాతి పుస్తకం మీద నీకే ఒప్పందం లేదు అని. చట్టప్రకారం సరైన మాటే. కానీ ఒకటో భాగం అని వేసి అమ్మినప్పుడు రెండోది ఉందని చెప్పినట్టే కదా? ఈ విషయంలో నేను సగం మార్టిన్ వైపు, సగం మావాళ్ళ వైపు.

అయితే మావాళ్ళు కోరుకునే రచయిత ఎలాంటివాడో ఒకసారి ఆలోచించండి. గడువు తప్పనివాడు. మూడ్ బాలేదనని వాడు. ప్రతి భాగాన్నీ సరిగ్గా ఒక ప్రమాదం దగ్గర ఆపి, వచ్చే నెల అక్కడినుంచే ఎత్తుకునేవాడు. డిజైన్ మార్చేసి మళ్ళీ మొదట్నించీ రాస్తానని మొండికెయ్యనివాడు. అచ్చైపోయిన నెలని వెనక్కి తీసుకోలేడు కాబట్టి ముడి పడితే ముందుకే విప్పుకుంటూ పోయేవాడు. అలాంటివాడు దొరికాడు మనకి. వడపళనిలో చందమామ ఆఫీసులో ఒక టేబుల్ దగ్గర కూర్చుని, జీతం తీసుకుని, పేరు లేకుండా రాసిపెట్టాడు. మార్టిన్‌కి 'నేను ఇప్పుడు రాయను' అనే స్వేచ్ఛ ఉంది. అది ఆయన పేరు వల్ల వచ్చింది, ఆ పేరు వల్ల వచ్చిన డబ్బు వల్ల వచ్చింది. దాసరి గారికి ఆ స్వేచ్ఛ ఎక్కడిది? వచ్చే నెల సంచికలో సీరియల్ పేజీలు ఖాళీగా ఉంటే అచ్చు ఆగదు, ఇంకొకరి సీరియల్ వస్తుంది.

గడువు ఉంటేనే మంచి సాహిత్యం వస్తుందని వాదించేవాళ్ళున్నారు. విశ్వనాథ వారు ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీ కోసం వేయిపడగలు ఇరవైతొమ్మిది రోజుల్లో చెప్పేశారనీ, తమ్ముడు గారు రాసుకున్నారనీ ఉదాహరణ చూపిస్తారు. అది విశ్వనాథ వారు, వదిలేయండి. నా అనుమానం ఇంకోటి. దాసరి గారి సీరియళ్ళు వరసబెట్టి చదివితే, మొదటి నాలుగైదిటిలో ఉన్న వింత తరవాతి వాటిలో కొంచెం పలచబడుతుంది. ఇద్దరు వీరులు, ఒక మాంత్రికుడు, ఒక ఆటవిక తెగ, ఒక భయంకరమైన జంతువు మీద సవారీ మళ్ళీ మళ్ళీ వస్తాయి. అది రచయిత లోపమని నేననుకోను. పాతికేళ్ళు ప్రతి నెలా ప్రొడక్షన్‌కి డెలివరీ ఇచ్చినవాడికి, కూర్చుని రీడిజైన్ చేసుకునే టైము ఎవరూ ఇవ్వలేదు. మార్టిన్ లాగా అయిదేళ్ళు ఆగి రాకాసిలోయ లాంటిది ఇంకొకటి రాసుంటే ఎలా ఉండేదో!

1980 తరవాత కథ ఇంకా చిత్రమైనది. భల్లూక మాంత్రికుడు ముగిసింది. అదే ఏడాది ఆగస్టులో కుటుంబరావు గారు పోయారు. చిత్రా గారు అంతకు రెండేళ్ళ ముందే పోయారు. పదమూడో సీరియల్ రాలేదు. తరవాత్తరవాత పాతవాటినే మళ్ళీ వేశారు, మా తరం వాటినే కొత్తవనుకుని చదివింది. పత్రిక 1998లో ఒక ఏడాది పైగా ఆగి మళ్ళీ మొదలయ్యింది, 2007లో ముంబయిలోని జియోడెసిక్ కంపెనీ చేతికి వెళ్ళింది, 2012-13 ప్రాంతాల్లో పూర్తిగా ఆగిపోయింది.

1980 నుంచి 2006 దాకా, అంటే ఇరవయ్యారేళ్ళు, ఆ సీరియళ్ళు రాసినాయన అదే ఆఫీసుకి రోజూ వెళ్ళి వస్తూనే ఉన్నారు. మార్టిన్ ఆలస్యం కంటే ఇది చాలా పెద్దది. ఒక్క పాఠకుడైనా "అయ్యా, తరవాతిది ఎప్పుడు?" అని ఆయన్ని పేరుపెట్టి తిట్టుకున్నాడా అంటే, తిట్టుకోవడానికి ఆ పేరే ఎవరికీ తెలీదు. తెలిసేసరికి ఆయన మద్రాసు వదిలి విజయవాడ చేరారు. అభిమానులు కొందరు వెతుక్కుంటూ వెళ్ళి కలిశారు, సంతోషపడ్డారు. 2010 జనవరిలో ఆయన పోయారు.

మొన్న ఆఫీసులో 'విండ్స్' మీద మళ్ళీ గొడవైనప్పుడు దాసరి గారి గురించి చెప్పాను. వింటున్నవాళ్ళలో ముగ్గురు చిన్నప్పుడు చందమామ చదివినవాళ్ళే. తోకచుక్క, శిథిలాలయం ముగ్గురికీ గుర్తున్నాయి. ఒకతను ఏకాక్షి బొమ్మ కూడా వైట్‌బోర్డు మీద గీసి చూపించాడు. రాసినవాళ్ళ పేరు మాత్రం ఇద్దరు వినలేదన్నారు, మూడో అతను చందమామ అంటే కుటుంబరావు గారే కదా అన్నాడు.